రాసాత్తి మొహం

రాసాత్తికి సైకిలు నేర్పింది నేనే. అందుకని ఆమె పడ్డాక ఊళ్ళో ఆమెతో పాటు నన్నూ తిట్టారు.

అప్పట్లో తమిళనాడులోని మా పుదుక్కోట జిల్లా అంతటా ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పే బడులు పెట్టారు. మా మంగళత్తుపట్టిలో ఆ బడి నడిపేది నేను. నా పేరు ఆరోక్యమేరి, అందరూ మేరి అనేవారు. అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పమన్నారు పైనుంచి. మొదట్లో మూతులు విరిచినవాళ్ళే నెల తిరిగేసరికి అద్దె సైకిలు కోసం కొట్టు ముందు వరస కట్టారు. సాయంత్రమైతే చాలు, బడి మైదానంలో పావడాలు ఎగదోపుకుని, ఒకరి సైకిలు ఇంకొకరు పట్టుకుని తోస్తూ, పడుతూ, మళ్ళీ లేస్తూ ఒకటే గోల. మగవాళ్ళు టీకొట్టు దగ్గర కూర్చుని తమాషా చూసేవారు.

రాసాత్తి నా దగ్గరికి వచ్చేనాటికి ముప్ఫై దాటాయి. పూలమ్ముకునే మనిషి. తెల్లవారుజామునే కీరమంగళం పూల సంతకి నడిచి వెళ్ళి, గంప నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చేసరికి ఎండెక్కేది, మల్లెలు రంగు మారేవి. రెండు వీధులు తిరిగేలోపు సగం వాడిపోయేవి. అక్షరాలు ఆమెకి పెద్దగా పట్టుబడలేదు గానీ సైకిలు మాత్రం వారంలో వచ్చేసింది. సొంత సంపాదనతో ఒక పాత లేడీస్ సైకిలు కొనుక్కుంది. హ్యాండిలుకి ఒక బుట్ట, వెనక క్యారియరు మీద ఇంకో బుట్ట కట్టుకుని నాలుగూళ్ళు తిరిగి వచ్చేది.

ఆమె గొంతు గురించి చెప్పాలి. ఊరి మొదట్లో నిలబడి "పూవమ్మా, పూవూ" అని ఒక్క కేక వేస్తే, ఊరి చివర ఇంట్లో తల దువ్వుకుంటున్న పిల్ల జడ సగంలో ఆపి గుమ్మంలోకి వచ్చేది. మాటకి మాట తడుముకోకుండా ఇచ్చేది. మూర కొలిచేటప్పుడు ఎవరైనా "నీ చెయ్యి పొట్టిదే రాసాత్తీ" అని సణిగితే, "అయితే మీ ఆయన్ని పిలువు, ఆయన చెయ్యి పెట్టి కొలుస్తా, డబ్బులూ ఆయన్నే అడుగుతా" అనేది. నవ్వుకుంటూ కొనేవారు.

ఆమె మొగుడు కరుప్పయ్య ఇటుకబట్టీకి కట్టెలు తోలేవాడు. అతనికీ ఒక ముసలి సైకిలుంది, దానిమీద మనిషెత్తు కట్టెలు కట్టుకుని వెళ్ళేవాడు. మంచివాడే. తాగడు, చెయ్యెత్తడు. ఎవరికీ ఎదురు చెప్పడు, ముఖ్యంగా వాళ్ళమ్మ అంగమ్మాళ్‌కి. ఆ ఇంట్లో అంగమ్మాళ్ మాటే మాట. కోడలు సైకిలెక్కడం ఆవిడకి మొదటినుంచీ ఇష్టం లేదు, కానీ పూల డబ్బు ఇంట్లోకి వస్తోంది కనక నోరు మూసుకుంది.

ఎండలు ముదరక ముందు ఒక పొద్దున రాసాత్తి సంత నుంచి వస్తోంది. మా ఊరికి వచ్చే దారిలో కాలవ మీద కల్వర్టు ఉంది, దానికి ముందు నిటారు దిగుడు. ఆమె దిగుతుండగా అవతలి నుంచి ఎడ్లబండి ఎదురొచ్చింది. రెండు బ్రేకులూ కలిపి నొక్కింది. ఆమెకి గుర్తున్నది అంతే. ముందు చక్రం ఠక్కున ఆగిందట, వెనకనుంచి ఎవరో ఎత్తి విసిరేసినట్టు సైకిలు లేచి బోర్లాపడిందట. మొహం నేరుగా వెళ్ళి కల్వర్టు రాతిగోడకి కొట్టుకుంది. బండివాడే ఆమెని బండిలో గడ్డిమీద పడుకోబెట్టుకుని రోడ్డు దాకా తెచ్చాడు. మల్లెపూలూ రక్తమూ కలిసిపోయి, మొహం ఎక్కడుందో తెలియలేదని వాడు చాలాకాలం చెప్పుకున్నాడు.

పట్నంలో పెద్దాసుపత్రిలో చేర్చారు. ముందు పళ్ళు మూడు ఊడాయి. పైపెదవి ముక్కుదాకా చీలింది. చెంప ఎముక లోపలికి నొక్కుకుపోయింది. కింది దవడ రెండు చోట్ల విరిగింది. పెదవికి కుట్లు వేశారు, దవడ అతుక్కోవాలంటే కదలకూడదని చెప్పి పైపళ్ళకీ కిందిపళ్ళకీ తీగలు చుట్టి నోరు బిగించి కట్టేశారు. ఆరువారాలు అలాగే ఉండాలన్నారు. ఊడిన పళ్ళ సందులోంచి గొట్టం పెట్టి జావ, మజ్జిగ, వడగట్టిన చారు పట్టించమన్నారు. ఇంటికి పంపేటప్పుడు నర్సు ఒక కటింగ్ ప్లేయరు కొనిపించి కరుప్పయ్య చేతికిచ్చింది. ఎప్పుడైనా వాంతి వచ్చి ఊపిరాడకపోతే తీగలు తెంపాలి, ఇది మంచం పక్కనే వేలాడగట్టి ఉంచు అని రెండుసార్లు చెప్పింది.

మొహానికి తువ్వాలు కప్పుకుని బస్సు దిగింది రాసాత్తి. ఇంటికి రాగానే అత్తగారు గోడ మీది అద్దం తీసి ఎక్కడో దాచేసింది. దాచి లాభం లేకపోయింది. నాలుగేళ్ళ కూతురు సెల్వి గుమ్మంలోంచి తల్లిని చూసి, ఎవరో అనుకుని, నాన్న కాళ్ళ వెనక దాక్కుంది. దగ్గరికి రమ్మని చెయ్యి చాపితే ఏడ్చింది. తన మొహం ఎలా ఉందో రాసాత్తికి కూతురి మొహంలో తెలిసింది.

వీధివైపు గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. పడుకుంటే ఉమ్ము గొంతుకి అడ్డం పడేది, అందుకని గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోవాలి. ఆ రోజుల గురించి ఆమె తర్వాత నాకు చెప్పింది. నొప్పి భరించొచ్చు మేరీ, నోరు తెరవలేకపోవడం భరించలేం అంది. ఆవులింత వస్తుంది, దవడ తెరుచుకోవాలని చూస్తుంది, తీగలు వెనక్కి లాగుతాయి. తుమ్ము వస్తే తల పగిలిపోయినట్టుంటుంది. నాలుక రోజంతా పళ్ళ లోపలివైపు తడుముకుంటూ తిరుగుతుంది, గొట్టం పెట్టే ఆ సందు కాక ఇంకెక్కడైనా సందు దొరుకుతుందేమోనని. తన నోటి వాసన తనకే పడేది కాదు. ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా తీగలు పీకేసుకోవాలని వేళ్ళు నోటిదాకా వెళ్ళేవట. అప్పుడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చునేదట.

మాట అసలు రాదని కాదు. బిగించిన పళ్ళ మధ్య నుంచి ఏదో వచ్చేది. వినాలనుకున్నవాళ్ళకి కాస్త అర్థమయ్యేది. ఆ ఇంట్లో వినాలనుకున్నవాళ్ళు లేరు. ఆమె "బ్రేకు" అందామని చూస్తే అంగమ్మాళ్ నీళ్ళ గ్లాసు తెచ్చేది.

బ్రేకు మాటే ఎందుకంటే, రాసాత్తికి ఒక సంగతి తెలుసు. ఆసుపత్రిలో పడుకుని ఆ దిగుడు మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. రెండు బ్రేకులూ నొక్కింది, ముందుది పట్టింది, వెనకది పట్టలేదు. రెండూ పట్టి ఉంటే సైకిలు బోర్లాపడదు. ముందు రోజు సాయంత్రం కరుప్పయ్య ఆమె సైకిలు దగ్గర పానా పట్టుకుని కూర్చుని ఉండటం ఆమె చూసింది. గాలి కొడుతున్నాడేమో, చైను సర్దుతున్నాడేమో అనుకుంది.

నా బడిలో వాడిన పలక ఇంట్లో ఉంది. ఇంటికొచ్చిన కొత్తల్లో సైగ చేసి దాన్ని తెప్పించుకుంది. వంకర అక్షరాలతో బ్రేకు అని రాసి మొగుడి ముందు పెట్టింది. ఆ ఇంట్లో చదవగలిగింది అతనొక్కడే. కరుప్పయ్య చదివాడు. తర్వాత అరచేత్తో తుడిచేసి, జావ తాగుతావా అని అడిగాడు.

మర్నాటికి పలక కనబడలేదు.

ఇంతలో ఊరు తన పని తాను మొదలుపెట్టింది. మొదట పరామర్శకి వచ్చారు. తర్వాత కూతుళ్ళని వెంటపెట్టుకుని రావడం మొదలుపెట్టారు. సాయంత్రాలు మైదానంలో సైకిలు తొక్కే పిల్లల్ని తల్లులు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మంచం ముందు నిలబెట్టేవారు. అంగమ్మాళ్ వద్దనేది కాదు. పైగా తానే కోడలి మొహం మీది తువ్వాలు పక్కకి జరిపేది. వెలుతురు సరిగా పడకపోతే కిటికీ రెక్క తోసేది.

"బాగా చూడు. ఇంకెక్కుతావా?" అనేది ఆ తల్లి. పిల్ల తల అడ్డంగా ఊపేది. కొందరు ఏడ్చేవారు. ఒక పిల్లకి అక్కడే వాంతయింది.

రాసాత్తి కళ్ళు మూసుకునేది. మొహం గోడవైపు తిప్పుకుంటే అత్తగారు గడ్డం పట్టుకుని మెల్లిగా ఇటు తిప్పేది, మెల్లిగానే, దవడ నొప్పి పుట్టకుండా. తొక్కడం రాక పడలేదు నేను అని అరవాలని ఉండేది. నాలుగూళ్ళు వినేలా అరిచే మనిషి. లోపల కేక పుట్టి పళ్ళ దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. ఆ పూటంతా చెవులు హోరెత్తేవట.

ఆ వచ్చిపోయేవాళ్ళందరి మధ్యా కరుప్పయ్య అరుగు మీద తాడు పేనుకుంటూ కూర్చునేవాడు. అన్నీ వినేవాడు.

మైదానంలో పిల్లలు పల్చబడ్డారు. చివరికి ఒక సాయంత్రం నేనూ రెండు అద్దె సైకిళ్ళూ మాత్రమే మిగిలాం. కొట్టువాడు వాటిని కూడా తీసుకుపోయాడు. రాసాత్తిని చూద్దామని వెళితే అంగమ్మాళ్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నువ్వు నేర్పిన చదువు చాల్లే తల్లీ. ఇంకేం మిగిలిందని వచ్చావు?"

నేను వెనక్కి వచ్చేశాను. కిటికీలోంచి రాసాత్తి చెయ్యి బయటికి వచ్చి ఊగడం చూశాను. పొమ్మంటోందో రమ్మంటోందో నాకు తెలియలేదు.

ఇంకెవరికైనా రాసి చూపించొచ్చు కదా, వచ్చిన పిల్లలకి చదవడం వచ్చు కదా అని తర్వాత ఒకసారి అడిగాను. బొగ్గుముక్క దొరక్క కాదు అంది. "నేను రాస్తే మొగుడి మీద తోసేస్తోంది అంటారు. ఆ మనిషి నోటినుంచి రావాలి. ఆయన నోటికి తీగలేం లేవు కదా."

అంగమ్మాళ్‌ని రాక్షసి అనుకోకండి. కోడలు రోజురోజుకీ చిక్కిపోతుంటే ఆవిడకి బెంగ పట్టుకుంది. జావతో మనిషి నిలబడదని ఒక మధ్యాహ్నం కోడిని కోయించి, నెయ్యీ మిరియాలూ వేసి గంటలకొద్దీ మరిగించి, గుడ్డలో వడగట్టి ఆ చారు పట్టించింది. వారాల తరబడి పల్చటి జావ తాగిన కడుపు ఆ నెయ్యీ మిరియాలూ తట్టుకోలేకపోయింది. గ్లాసు ఖాళీ అయిన కాసేపటికే రాసాత్తి కళ్ళు పెద్దవి చేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాంతి వచ్చింది. పోవడానికి దారి లేదు. పళ్ళ సందులోంచి కొంత, ముక్కులోంచి కొంత వచ్చింది, మిగిలింది గొంతులో నిండిపోయింది. మొహం నల్లబడింది. కాళ్ళు నేలకేసి కొట్టుకుంటోంది.

కరుప్పయ్య పరుగెత్తుకొచ్చి కటింగ్ ప్లేయరు అందుకున్నాడు. తొందరలో అది పెదవి కుట్ల మీద తగిలింది, కింద పడింది. మళ్ళీ తీశాడు. ఏ తీగ తెంపాలో తెలియక అలాగే చూస్తున్నాడు. అంగమ్మాళ్ కొడుకుని భుజంతో తోసేసింది. కోడలి తల తన ఒళ్ళోకి వంచుకుని, వేలితో పెదవి ఎత్తిపట్టి, ఒక్కొక్క తీగా టక్ టక్ మని తెంపేసింది. దవడ వేలాడబడింది. లోపలున్నదంతా ఆవిడ చీర మీద పడింది. రాసాత్తి ఊపిరి పీల్చిన చప్పుడు నాలుగిళ్ళ అవతలున్న మా ఇంటిదాకా వినిపించింది.

తీగలు మళ్ళీ కట్టించాలి. తువ్వాలుతో దవడ పైకి కట్టి, కరుప్పయ్య ఆమెని పట్నం బస్సెక్కించాడు. బస్సు కుదుపు కుదుపుకీ ప్రాణం పోతోంది. అయినా ఆ రెండు గంటలూ నోరు తనది. ఆసుపత్రి వచ్చేదాకానే ఈ అవకాశం అని ఆమెకి తెలుసు. తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అడిగింది.

"వెనక బ్రేకు నువ్వే తీశావు కదా మావా?"

కరుప్పయ్య కిటికీ వైపు తిరిగాడు.

"బ్రేకు కాదు, రబ్బర్లు," అన్నాడు. "నా బండివి అరిగిపోయాయి. కట్టెల బరువుకి ఆగడం లేదు. సంతలో కొత్తవి కొని నీ దానికి వేద్దామనుకున్నా."

"నాకు చెప్పలేదే."

"పొద్దున చెబుదామనుకున్నా. లేచేసరికి నువ్వు వెళ్ళిపోయావు."

"ఇప్పుడు చెప్పు. మీ అమ్మకి చెప్పు. ఆ వచ్చేవాళ్ళకి చెప్పు."

"ఏమని చెప్పను? పెళ్ళాం మొహం నేనే పగలగొట్టానని చెప్పనా?"

"అవును," అంది రాసాత్తి.

అప్పుడే కండక్టరు వచ్చాడు. కరుప్పయ్య టిక్కెట్లు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆసుపత్రిలో డాక్టరు చూసి, తెంపినవాళ్ళెవరో ప్రాణం నిలబెట్టారు అన్నాడట. అని, ఈసారి ఇంకా గట్టి తీగలతో కట్టాడు. ఆరువారాల లెక్క మళ్ళీ మొదటినుంచీ. నోరు మూసుకుపోతున్నప్పుడు రాసాత్తి మొగుడికేసి చూస్తూనే ఉందట. అతను కొళాయి వైపు వెళ్ళిపోయాడు.

మళ్ళీ అదే గది, అదే కిటికీ. ఇప్పుడు ఇంకా కష్టమైంది, ఎందుకంటే నిజం ఇద్దరికీ తెలుసు, తెలుసని కూడా ఇద్దరికీ తెలుసు. గొట్టం పట్టుకుని జావ పోస్తున్నప్పుడు అతను ఆమె కళ్ళలోకి చూసేవాడు కాదు, గ్లాసులోకి చూసేవాడు. సేవ మాత్రం ఏ లోటూ లేకుండా చేసేవాడు. మొహం తుడిచేవాడు, గుడ్డలు ఉతికేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళు అతన్ని పొగిడేవారు. ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టిపుట్టాలి అని ఆమె మంచం పక్కనే కూర్చుని అనేవారు. ఆమె వినాలి. కాదనడానికి లేదు, అవుననడానికీ లేదు.

అలా ఉండగా ఒక ఆదివారం వీరాచామి తన కూతురు తేన్‌మొళిని తీసుకొచ్చాడు. తేన్‌మొళి నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో అందరికంటే చురుకైనది. ఎనిమిదో తరగతి అయిపోవస్తోంది. హైస్కూలు పక్కూళ్ళో ఉంది, సరైన బస్సు లేదు, సైకిలు మీద వెళ్ళి చదువుకోవాలని దాని ఆశ.

వీరాచామి చెప్పులు విడవకుండా వాకిట్లోనే నిలబడి, కూతుర్ని గుమ్మంలోకి తోశాడు. "చూడమ్మా. హైస్కూలుకి సైకిలు మీద పోతానంటున్నావు కదా. ఆ బడీ వద్దు, ఈ సైకిలూ వద్దు. రేపు పెళ్ళి చెయ్యాలంటే మొహమన్నా మిగలాలి కదా" అన్నాడు.

మిగతా పిల్లల్లా ఆ పిల్ల మొహం తిప్పుకోలేదు. దగ్గరికి వచ్చి, వంగి, "అక్కా, బాగా నొప్పిగా ఉందా?" అని అడిగింది.

అన్ని వారాల్లో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. రాసాత్తి లేచి నిలబడింది. తువ్వాలు మంచం మీద పడేసి, వీరాచామి పక్కనుంచే వాకిట్లోకి నడిచి, మేకల పాక వెనక్కి వెళ్ళింది. పడిననాటి నుంచీ ఆమె సైకిలు అక్కడే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. కరుప్పయ్య కూడా దాన్ని బాగుచెయ్యలేదు, దాచనూలేదు. ముందు చక్రం వంకర తిరిగి తిరగనంటోంది, అయినా ముందుభాగం ఎత్తి పట్టుకుని ఈడ్చుకొచ్చింది. ఆ గోలకి పక్కిళ్ళవాళ్ళు వచ్చారు. నేనూ వచ్చాను.

వాకిలి మధ్యలో సైకిలు నిలబెట్టి స్టాండు వేసింది. వెనక చక్రం గాలిలోకి లేచింది. పెడలు పట్టుకుని గట్టిగా తిప్పింది. చక్రం గిర్రున తిరిగింది. తిరుగుతుండగా వెనక బ్రేకు పట్టుకుని పిడికిలి బిగించి నొక్కింది. చక్రం ఆగలేదు. ఆమె నొక్కుతూనే ఉంది, చక్రం తిరుగుతూనే ఉంది. తేన్‌మొళి వంగి చూసి, "ఇక్కడ రబ్బర్లు లేవు నాన్నా" అంది.

రాసాత్తి బ్రేకు వదలకుండా తలెత్తి అరుగు మీదున్న మొగుడికేసి చూసింది. ఒక్కరొక్కరుగా మేమందరం అటే చూశాం. చక్రం మెల్లమెల్లగా తనంతట తాను ఆగిపోయింది.

కరుప్పయ్య పేనుతున్న తాడు పక్కన పెట్టాడు. లేచి నిలబడలేదు.

"నేనే తీశాను," అన్నాడు. "నా బండికి వేసుకున్నా. నా పెళ్ళానికి చెప్పలేదు. ముందు బ్రేకు ఒక్కటే పట్టి బండి బోర్లాపడింది. అది తొక్కడం రాక పడలేదు."

"మొదట్లోనే ఈ ముక్క చెప్పుంటే సరిపోయేది కదరా" అని వీరాచామి గొణిగి, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరే జారుకున్నారు. అంగమ్మాళ్ మాత్రం గుమ్మంలో అలాగే నిలబడింది. అందరూ వెళ్ళాక కోడలితో ఒకే మాట అంది.

"నలుగురిలో నా కొడుకు మొహం కూడా పగలగొట్టావు. ఇప్పుడు ఇద్దరికీ సరిపోయింది."

ఆ తర్వాత ఆవిడ రాసాత్తితో మాట్లాడటం మానేసింది. జావ కాచడం కూడా మానేసింది. నిజం బయటపడితే ఊపిరాడుతుందనుకుంది రాసాత్తి. నోరు కట్టేసే ఉంది, ఆ గదే, ఆ మంచమే, ఇప్పుడు ఆకలి కూడా తోడైంది. కరుప్పయ్యని టీకొట్టు దగ్గర ఏడిపించేవారు, ఏరా, ఇంకెవరి బ్రేకులన్నా కావాలా అని. అతను అటు వెళ్ళడం మానేసి, బట్టీ నుంచి చీకటిపడ్డాకే ఇల్లు చేరేవాడు. జావ నేను కాచి తెచ్చేదాన్ని. అంగమ్మాళ్ నన్ను ఆపలేదు, పలకరించనూ లేదు. రాసాత్తి గొట్టంతో తాగుతుంటే నేను ఊళ్ళో కబుర్లు చెప్పేదాన్ని. మైదానానికి ఇద్దరు పిల్లలు తిరిగొచ్చారు, ఇంకో నలుగురు వస్తామంటున్నారు అని చెబితే కళ్ళు మూసుకుని వింది. మొగుడి మాట ఎత్తితే మాత్రం గ్లాసు పక్కన పెట్టేసేది.

తీగలు విప్పిన రోజు నేనే వెంట వెళ్ళాను. విప్పేశారు కదా, ఇంక నోరు తెరువు అన్నాడు డాక్టరు. ఆమె తెరిచాననుకుంది. వేలు పట్టేంత సందు కూడా రాలేదు. ఇన్నాళ్ళు కదలని దవడ బిగుసుకుపోయింది, రోజూ సాగదియ్యాలన్నారు. ఐస్‌ఫ్రూటు పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య దూర్చి, నొప్పి పుట్టేదాకా ఉంచి, కొన్నాళ్ళకి ఇంకొక పుల్ల చేర్చాలి. కన్నీళ్ళు కారుతుండగా పుల్లలు కరుచుకుని కూర్చునేది. తీగలు బయట ఉన్నప్పుడే నయం, ఇప్పుడు లోపలికి పోయాయి అంది నాతో.

పెదవి ఒకవైపు స్పర్శ పోయింది. కేక రాలేదు. "పూ" అనాలంటే పెదాలు గుండ్రంగా కలవాలి, ఆమెవి కలిసేవి కావు, గాలి పక్కనుంచి పోయేది. రెండు మూడుసార్లు వీధిలో ప్రయత్నించి ఆపేసింది. కొందరు ఇల్లాళ్ళు పొద్దున్నే ఆ మొహం చూసి పూలు కొనడానికి వెనకాడారు. ఎదురుగా ఏమీ అనేవారు కాదు, తలుపు దగ్గరగా వేసుకునేవారు. నెలా రెండు నెలలు చూసి, వీధులు తిరగడం మానేసి, పూల సంతలోనే మాలలు కట్టే పనిలో చేరింది. అక్కడ చేతులతోనే పని. తోటి ఆడవాళ్ళు మొదట ఆమె మాట అర్థంకాక మళ్ళీ మళ్ళీ అడిగేవారు, తర్వాత అలవాటు పడ్డారు. ఆమె మాటకారితనం ఎక్కడికీ పోలేదని కూడా వాళ్ళకి తొందరలోనే తెలిసొచ్చింది.

సంతకి నడిచే వెళ్ళేది. కరుప్పయ్య సైకిలుకి కొత్త చక్రం వేయించి, వెనకా ముందూ కొత్త రబ్బర్లు బిగించి, వాకిట్లో తెచ్చి పెట్టాడు. రాసాత్తి చాలా రోజులు దానికేసి చూడలేదు. ఒకరోజు నన్ను పిలిచి, మైదానంలో వెనక పట్టుకో మేరీ అంది, మొదటిసారి నేర్చుకున్నప్పటిలాగే. రెండు చుట్లు తొక్కింది. మధ్యలో దిగలేదు. కల్వర్టు దగ్గర మాత్రం ఇప్పటికీ దిగి, సైకిలు నడిపించుకుంటూ దాటుతుంది. తేన్‌మొళి ఆ ఏడు హైస్కూల్లో చేరింది, ఆ దిగుడు మీదుగానే బెల్లు కొడుతూ పోయేది.

మొగుణ్ణి క్షమించావా అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఒక ఇంట్లో ఉన్నారు, పిల్లని పెంచుకున్నారు. సెల్వి తల్లి ఒళ్ళోకి రావడానికి చాలాకాలం పట్టింది. ముందు చేతి దగ్గరికి వచ్చింది, తర్వాత భుజం దగ్గరికి.

తీగలు విప్పిన ఆ వేసవి చివర, పనసపళ్ళు దిగే రోజుల్లో, బట్టీ యజమాని తోటనుంచి కరుప్పయ్య ఒక పండు మోసుకొచ్చాడు. నేనప్పుడు వాళ్ళ వాకిట్లోనే ఉన్నాను. అంగమ్మాళ్ చేతులకి నూనె రాసుకుని కోసి, తొనలు ఆకులో పెట్టి అందరికీ అందేలా మధ్యలోకి తోసింది. రాసాత్తికి నోరు అప్పటికి రెండు వేళ్ళంత తెరుచుకుంటోంది. ఒక తొన చీల్చి, సగం నోట్లో పెట్టుకుని, వెనక పళ్ళతో మెల్లగా నమిలింది. ఇన్ని నెలల తర్వాత నమిలి తిన్న మొదటి వస్తువు. కళ్ళు మూసుకుని నములుతుంటే రసం స్పర్శ లేని వైపునుంచి కారి గడ్డం మీదుగా మెడ దాకా వచ్చింది. ఆమెకి తెలియలేదు. నేను చూశాను, కరుప్పయ్య చూశాడు. ఇద్దరం చెప్పడానికి మొహమాటపడ్డాం.

"కారుతోంది," అంది అంగమ్మాళ్.

వాకిట్లో సైకిలు తెచ్చి నిలబెట్టిన ఆ ఆదివారం తర్వాత ఆవిడ కోడలితో అన్న మొదటి మాట అది. రాసాత్తి ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, చేత్తో తుడుచుకుంది.

"అటు కాదు, ఇటు," అంది అత్తగారు, ఇంకో తొన ఒలుస్తూ.